గెలాక్సీ తిరుగుడులో విశ్వజాలం జాడ: వేగం, ఇరుసు, దిశ

2025లో గెలాక్సీల తిరుగుడు రెండుసార్లు వార్తలకెక్కింది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో ఒకే వైపు తిరిగే గెలాక్సీలు ఎక్కువగా ఉన్నాయనీ, బహుశా విశ్వమంతా ఒక బ్లాక్ హోల్ లోపల పుట్టిందేమోననీ మార్చిలో కథనాలు వచ్చాయి. డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ రేడియో టెలిస్కోపు సమాచారంతో మరో బృందం 5 కోట్ల కాంతి సంవత్సరాల పొడవున్న గెలాక్సీల పోగు ఒకటి తన చుట్టూ తాను తిరుగుతోందని ప్రకటించింది. ఈ రెండు వార్తలూ ఒకటే సంగతి చెబుతున్నాయని చాలామంది అనుకున్నారు. నిజానికి వాటి మధ్య బంధుత్వం చాలా తక్కువ. మొదటిదాన్ని ఈ రంగంలో ఎక్కువమంది ఒప్పుకోరు. రెండోది యాభై ఏళ్లకు పైగా నడుస్తున్న ఒక లెక్కకు కొనసాగింపు.

ఈ చిక్కు విడాలంటే ముందు ఒక విభజన చేసుకోవాలి. ఒక గెలాక్సీ తిరుగుతోందన్నప్పుడు మూడు వేర్వేరు విషయాలు అడగవచ్చు. ఎంత వేగంగా తిరుగుతోంది? దాని ఇరుసు ఆకాశంలో ఎటు వాలి ఉంది? ఆ ఇరుసు చుట్టూ సవ్యంగా తిరుగుతోందా, అపసవ్యంగానా? విశ్వపు పెద్ద నిర్మాణంతో ఈ మూడింటికీ మూడు రకాల సంబంధం ఉంది. వేగం సంబంధం గట్టిది, రోజువారీ పరిశోధనలో వాడుకుంటున్నది. ఇరుసు సంబంధం నిజమే గానీ చాలా బలహీనమైనది. దిశ సంబంధం దగ్గరే వివాదమంతా.

విశ్వజాలం అంటే ఏమిటి

గెలాక్సీలు అంతరిక్షంలో సమానంగా చల్లినట్టు ఉండవు. 1986లో వలెరీ ద లపారాన్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా ఆకాశంలో ఒక సన్నని ముక్కను ఎంచుకుని, అందులోని సుమారు 1,100 గెలాక్సీల దూరాలతో పటం గీశారు. గెలాక్సీలు పెద్ద పెద్ద బుడగల గోడల మీద పేరుకున్నట్టు, బుడగల లోపల దాదాపు ఖాళీగా ఉన్నట్టు అందులో కనబడింది. ఆ తరువాత అమెరికాలోని న్యూమెక్సికోలో 2.5 మీటర్ల టెలిస్కోపుతో సాగిన స్లోన్ సర్వే లక్షల గెలాక్సీలతో ఇదే అల్లికను ధ్రువపరిచింది.

ఈ అల్లికలో నాలుగు భాగాలు. అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించేవి శూన్యప్రాంతాలు. వాటి మధ్య గోడలు, గోడలు కలిసే చోట పోగులు, పోగులు ముడిపడే చోట వందల నుంచి వేల గెలాక్సీలున్న గుచ్ఛాలు. ఇలా ఎందుకు ఏర్పడుతుందో 1970లో యాకోవ్ జెల్దోవిచ్ లెక్క కట్టాడు. తొలి విశ్వంలో పదార్థపు ముద్ద ఏదీ కచ్చితమైన గోళం కాదు. గురుత్వం దాన్ని ముందు ఒక దిశలో నొక్కేస్తుంది, అప్పుడు గోడ వస్తుంది. రెండో దిశలోనూ కుంగితే పోగు. మూడో దిశలోనూ కుంగితే ముడి. గోడల నుంచి పోగుల్లోకి, పోగుల వెంట ముడుల్లోకి పదార్థం ఇప్పటికీ ప్రవహిస్తూనే ఉంది. గెలాక్సీలు పుట్టేది ఈ ప్రవాహంలోనే కాబట్టి, దాని గుర్తు వాటి తిరుగుడులో మిగలాలి. ఇక్కడి నుంచి మొదలయ్యే అన్ని వాదనలకూ పునాది ఇదే.

వేగం చెప్పేది: కనబడని బరువు

సూర్యుడు పాలపుంత కేంద్రం నుంచి సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో, సెకనుకు దాదాపు 230 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాడు. ఒక చుట్టుకు సుమారు 21 కోట్ల సంవత్సరాలు పడుతుంది. వేగం వర్గాన్ని దూరంతో గుణించి గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే ఆ వృత్తం లోపలున్న ద్రవ్యరాశి వస్తుంది. సూర్యుడి కక్ష్యకు ఈ లెక్క కడితే సుమారు 10,000 కోట్ల సూర్యుల బరువు.

చిక్కు బయటి అంచుల్లో వస్తుంది. నక్షత్రాల వెలుగు కేంద్రం దగ్గరే గుమిగూడి ఉంటుంది. బరువు కూడా అక్కడే ఉంటే, బయటికి పోయేకొద్దీ వేగం తగ్గాలి. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీలో కొలిచారు, వేగం తగ్గలేదు. 1978లో ఆల్బర్ట్ బోస్మా నక్షత్రాలకంటే చాలా దూరం వరకు పరుచుకున్న హైడ్రోజన్ వాయువును 21 సెంటీమీటర్ల రేడియో తరంగాలతో కొలిచాడు, అక్కడా అంతే. 1980లో రూబిన్ బృందం 21 సర్పిల గెలాక్సీల ఫలితాలు ప్రచురించాక ఇది మినహాయింపు కాదని తేలిపోయింది.

సెకనుకు 225 కిలోమీటర్ల వేగం మారకుండా సాగే గెలాక్సీని తీసుకోండి. కేంద్రం నుంచి 33,000 కాంతి సంవత్సరాల లోపల దాని ద్రవ్యరాశి సుమారు 12,000 కోట్ల సూర్యులు. మూడు రెట్ల దూరం వెళితే 36,000 కోట్లు. ఆ మధ్యలో వెలుగు మాత్రం దాదాపు పెరగదు. వేగం మారకపోవడం అంటే, దూరం పెరిగినంతా ద్రవ్యరాశి కూడా పెరుగుతూ పోవడమే.

ఆ అదనపు బరువును కృష్ణ పదార్థం అంటున్నారు. విశ్వజాలంతో మొదటి ముడి ఇక్కడ పడుతుంది. గెలాక్సీ చుట్టూ ఉండే కృష్ణ పదార్థపు ముద్దను హాలో అంటారు. అది జాలం నుంచి విడిగా ఉండే వస్తువు కాదు, జాలంలోనే బాగా చిక్కబడిన చోటు. సాధారణ పదార్థం ఒక పాలుంటే కృష్ణ పదార్థం ఐదు పాళ్లకు పైగా ఉందని తొలి విశ్వపు మైక్రోవేవ్ కాంతి కొలతలు చెబుతాయి. గెలాక్సీ తిరుగుడుకు కావలసిన పదార్థం, పోగులూ శూన్యాలూ ఇంత త్వరగా ఏర్పడటానికి కావలసిన పదార్థం ఒకటే అవడం ఈ సిద్ధాంతానికున్న పెద్ద బలం.

ఎదుటి పక్షం వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. 1983లో మొర్దెహై మిల్‌గ్రోమ్ కొత్త పదార్థం అక్కర్లేదనీ, త్వరణం సెకనుకు సెకనుకు మీటరులో సుమారు వెయ్యి కోట్ల వంతుకు పడిపోయినప్పుడు గురుత్వ నియమమే మారుతుందనీ ప్రతిపాదించాడు. విడి గెలాక్సీల విషయంలో ఈ సూత్రం ఆశ్చర్యపోయేంత బాగా పనిచేస్తుంది. 2016లో 153 గెలాక్సీలను పరిశీలిస్తే, కనబడే పదార్థం ఇచ్చే త్వరణానికీ నిజంగా కొలిచిన త్వరణానికీ మధ్య చాలా బిగువైన సంబంధం బయటపడింది. అంత బిగువు ఎందుకో చెప్పాల్సిన భారం కృష్ణ పదార్థం వైపు ఉంది. అయితే గెలాక్సీ గుచ్ఛాల దగ్గరకు వచ్చేసరికి మిల్‌గ్రోమ్ సూత్రానికి కూడా కనబడని బరువు అవసరమవుతుంది. మైక్రోవేవ్ కాంతిలోని శిఖరాలనూ విశ్వజాలాన్నీ ఒకే సూత్రంతో రాబట్టడం దానికి ఇంకా కష్టంగానే ఉంది. పెద్ద నిర్మాణం గురించి మాట్లాడేవాళ్లలో అత్యధికులు కృష్ణ పదార్థంతో లెక్కలు వేసేది ఇందుకే.

వేగం నుంచి దూరం, దూరం నుంచి ప్రవాహం

తిరుగుడు వేగానికి మరో ఉపయోగం ఉంది. దాని గురించి వార్తల్లో తక్కువగా వస్తుంది గానీ, విశ్వజాలం పటాలు గీయడంలో నిజంగా పనికొచ్చేది ఇదే.

1977లో బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ ఒక సంబంధాన్ని గమనించారు. వేగంగా తిరిగే సర్పిల గెలాక్సీలు ఎక్కువ కాంతిమంతంగా ఉంటాయి. పరారుణ కాంతిలో చూస్తే అసలు వెలుగు సుమారుగా వేగం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. రెండు గెలాక్సీలు మన కంటికి ఒకే వెలుగుతో కనబడుతున్నాయనుకోండి. ఒకటి సెకనుకు 100 కిలోమీటర్లతో, మరొకటి 200తో తిరుగుతోంది. రెండోదాని అసలు వెలుగు 16 రెట్లు ఎక్కువ. అయినా సమానంగా కనబడుతోందంటే అది 4 రెట్ల దూరంలో ఉందన్నమాట. దూరాన్ని రెడ్‌షిఫ్ట్‌తో సంబంధం లేకుండా తెలుసుకునే దారి దొరికింది (రెడ్‌షిఫ్ట్ అంటే దూరమవుతున్న గెలాక్సీ కాంతి ఎరుపు వైపు జరగడం).

ఇప్పుడు ఒక గెలాక్సీ మన నుంచి సెకనుకు 5,000 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోందని వర్ణపటం చెప్పిందనుకుందాం. తిరుగుడు ఆధారంగా దాని దూరం 60 మెగాపార్సెక్కులని తేలింది (ఒక మెగాపార్సెక్ అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలు). హబుల్ స్థిరాంకం (ఒక్కో మెగాపార్సెక్ దూరానికి సెకనుకు ఎన్ని కిలోమీటర్ల వ్యాకోచ వేగమో చెప్పే అంకె) 75 అనుకుంటే, విశ్వ వ్యాకోచం వల్ల దానికి ఉండాల్సిన వేగం 4,500. మిగిలిన 500 వ్యాకోచానిది కాదు, చుట్టుపక్కల గుచ్ఛాలు లాగుతున్న లాగుడుది. ఇలాంటి మిగులు వేగాలను వేల గెలాక్సీలకు కడితే, కనబడే పదార్థమూ కనబడనిదీ కలిపి ఎటు ఎంత లాగుతోందో పటం గీయవచ్చు. 2014లో టల్లీ, హెలెన్ కుర్తోవా, వారి సహచరులు ఇలాగే మన ఇలాకా సరిహద్దులు గీసి దానికి లానియాకియా అని పేరు పెట్టారు. దాని అడ్డుకొలత సుమారు 52 కోట్ల కాంతి సంవత్సరాలు, బరువు పాలపుంతకు లక్ష రెట్ల స్థాయిలో ఉంటుంది. ఆ కొలతల పట్టికలో ఇప్పుడు దాదాపు 56,000 గెలాక్సీలున్నాయి.

వినడానికి సులువుగా ఉన్నా ఈ పద్ధతిలో తప్పులు ఎక్కడెక్కడ దూరతాయో చూడాలి. ఒక్కో గెలాక్సీకి దూరంలో సుమారు 20 శాతం లోపం సహజం. పై ఉదాహరణలో అది సెకనుకు 900 కిలోమీటర్లు అవుతుంది. మనం వెతుకుతున్న 500ను అది మింగేస్తుంది. ఒకే ప్రాంతంలోని 100 గెలాక్సీల సగటు తీస్తే లోపం 90కి దిగుతుంది, అప్పుడు సంకేతం పైకి తేలుతుంది.

రెండో చిక్కు వాలు. డాప్లర్ ప్రభావం మన వైపు వచ్చే, మన నుంచి పోయే వేగాన్నే పట్టిస్తుంది. మనకు ఎదురుగా పళ్లెంలా కనబడే గెలాక్సీలో (దాని వాలు సున్నాకు దగ్గర) ఆ భాగం తక్కువ, కాబట్టి కొలిచిన వేగాన్ని వాలు సైనుతో భాగించాలి. వాలు 35 డిగ్రీలున్నచోట 30 అని పొరబడితే వేగం దాదాపు 15 శాతం మారుతుంది. నాలుగో ఘాతంలో పెడితే వెలుగు 73 శాతం, దూరం 30 శాతానికి పైగా తప్పిపోతాయి. అదే 5 డిగ్రీల పొరపాటు 70 డిగ్రీల దగ్గర జరిగితే దూరంలో తేడా 8 శాతం మించదు. ఈ పనికి సుమారు 45 డిగ్రీలకంటే తక్కువ వాలున్న గెలాక్సీలను పక్కన పెట్టేస్తారు.

మూడోది సగటు తీసినా పోని లోపం. దూరం వెళ్లేకొద్దీ కాంతిమంతమైన గెలాక్సీలే మనకు కనబడతాయి, మసకవి జాబితాలోకే రావు. దీన్ని సరిదిద్దకపోతే లేని ప్రవాహాలు పటంలో పుట్టుకొస్తాయి.

అసలు తిరుగుడు ఎక్కడిది

తొలి విశ్వంలోనే ఏవో సుడులుండేవి, అవే గెలాక్సీలుగా మిగిలాయి అని ఒకప్పుడు అనుకున్నవాళ్లున్నారు. లెక్క దాన్ని సమర్థించలేదు. విశ్వం వ్యాకోచిస్తుంటే తొలి సుడులు ఏవున్నా బలం కోల్పోతూ పోతాయి. గురుత్వం ఒక్కటే పనిచేసే నునుపైన ప్రవాహంలో కొత్త సుడి పుట్టదు కూడా. మరి ఈ తిరుగుడు?

1949లో ఫ్రెడ్ హాయిల్ ఒక సమాధానం సూచించాడు. గెలాక్సీగా మారబోయే పదార్థపు ముద్దను పొరుగు ముద్దలు సమానంగా లాగవు. దగ్గరి వైపు ఎక్కువ, దూరపు వైపు తక్కువ లాగుతాయి. సముద్రంలో పోటు తెచ్చేది కూడా ఇలాంటి తేడా లాగుడే. ముద్ద కోలగా ఉండి, ఆ కోలకూ లాగుడు దిశకూ మధ్య కోణం ఉంటే ముద్ద మీద తిప్పే బలం (టార్క్) పడుతుంది, అది తిరగడం మొదలెడుతుంది. 1969లో జిమ్ పీబుల్స్ దీన్ని విస్తరించే విశ్వంలో లెక్క కట్టాడు. ఆయన గోళాకారపు ముద్దను తీసుకున్నాడు కాబట్టి టార్క్ మొదటి మెట్టులో సున్నా అయి, తిరుగుడు చాలా నెమ్మదిగా పెరిగినట్టు వచ్చింది. ముద్ద గోళం కానప్పుడు మొదటి మెట్టులోనే తిరుగుడు పుట్టి, కాలంతోపాటు నేరుగా పెరుగుతుందని 1970లో దొరోష్కెవిచ్ చూపించాడు. 1984లో సైమన్ వైట్ కంప్యూటర్ అనుకరణలతో దాన్ని సరిచూశాడు. ముద్ద వ్యాకోచం నుంచి విడిపోయి లోపలికి కుంగడం మొదలెట్టాక అది చిన్నదైపోతుంది, పొరుగువాళ్ల లాగుడుకు పట్టు దొరకదు. అప్పటికి కూడబెట్టుకున్న కోణీయ ద్రవ్యవేగమే, అంటే తిరుగుడు నిల్వే, దానికి మిగిలే ఆస్తి.

ఆ ఆస్తి ఎంత? తిరుగుడు ఒక్కదానితోనే హాలో నిలబడాలంటే కావలసినంతలో నిజంగా ఎంత భాగం ఉందో చెప్పే అంకెను స్పిన్ పరామితి అంటారు. అనుకరణల్లో దాని మధ్య విలువ 0.035 నుంచి 0.04 దాకా వస్తుంది. అంటే హాలో దాదాపు తిరగడం లేదనే చెప్పాలి. అందులోని వాయువు మాత్రం వేడిని కోల్పోయి, కోణీయ ద్రవ్యవేగాన్ని నిలుపుకుంటూ లోపలికి జారి, చివరికి తిరుగుడుతోనే నిలబడే పళ్లెంగా మారుతుంది. సరళమైన నమూనాలో పళ్లెం కొలత (కేంద్రం నుంచి వెలుగు సుమారు మూడో వంతుకు పడిపోయే దూరం, పళ్లెం అంచు కాదు) హాలో వ్యాసార్ధాన్ని 0.035తో గుణించి 1.41తో భాగిస్తే వస్తుంది. 6.5 లక్షల కాంతి సంవత్సరాల వ్యాసార్ధమున్న హాలోకు 16,000 కాంతి సంవత్సరాలు. నిజమైన గెలాక్సీలు ఇంతకంటే కొంత చిన్నగానే ఉంటాయి, పాలపుంతకు ఈ కొలత 8,000 నుంచి 10,000 మధ్య వస్తుంది. అయినా ఏ సర్దుబాటూ లేని లెక్క రెండింతల తేడా లోపలికి రావడం చిన్న విషయం కాదు.

ఒక మెలిక ఇక్కడ గమనించాలి. ఈ స్పిన్ పరామితి హాలో బరువును బట్టి గానీ, అది పోగులో ఉందా శూన్యంలో ఉందా అన్నదాన్ని బట్టి గానీ పెద్దగా మారదు. తిరుగుడు పరిమాణం చూసి గెలాక్సీ జాలంలో ఎక్కడుందో చెప్పలేం. జాలం గుర్తు పడేది ఇరుసు మీద.

ఇరుసు ఎటు వాలుతుంది

అనుకరణలు ఇచ్చే చిత్రం ఇది. పోగులోకి గోడల నుంచి పదార్థం పక్కల నుంచి వచ్చి పడుతుంది. వేర్వేరు ప్రవాహాలు ఒకదాన్నొకటి దాటుకునే ఆ చోట, బయట అసాధ్యమైన సుడులు పుడతాయి. వాటి ఇరుసు పోగు వెంబడి ఉంటుంది. ఆ సుడుల్లో పెరిగే చిన్న హాలోల ఇరుసు కూడా పోగు వెంబడే వాలుతుంది. తరువాత అవి పోగు వెంట ముడుల వైపు జారుతూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పోగు వెంట ఎదురెదురుగా వచ్చి కలిసే రెండు వస్తువుల కక్ష్య కోణీయ ద్రవ్యవేగం పోగుకు అడ్డంగా ఉంటుంది. కాబట్టి ఎన్నో కలయికలు చూసిన పెద్ద హాలోల ఇరుసు అడ్డంగా మళ్లుతుంది. 2012లో వెలువడిన ఒక అనుకరణ ఈ మలుపు సుమారు 5 లక్షల కోట్ల సూర్యుల బరువు దగ్గర వస్తుందని లెక్కించింది. పాలపుంత హాలో సుమారు లక్ష కోట్ల స్థాయిలో ఉంటుంది, అంటే మలుపుకు ఇవతలే.

పరిశీలనలూ ఈ వైపే మొగ్గుతున్నాయి. స్లోన్ సర్వే గెలాక్సీలతో ఎల్మో టెంపెల్, నోమ్ లిబెస్కిండ్ 2013లో చేసిన పనిలో సర్పిలాల ఇరుసులు పోగు వెంబడి, దీర్ఘవృత్త గెలాక్సీలవి అడ్డంగా మొగ్గు చూపాయి. ఆస్ట్రేలియాలో సాగిన సామీ సర్వే ఒక్కో గెలాక్సీలో అనేక బిందువుల దగ్గర వేగం కొలిచి, నక్షత్రాల బరువు పెరిగేకొద్దీ ఇరుసు వెంబడి నుంచి అడ్డానికి మళ్లడం చూపింది. గెలాక్సీ మధ్య ఉబ్బు బరువుతో ఈ మలుపుకు ఇంకా దగ్గరి సంబంధముందని 2022లో అదే సర్వే తేల్చింది. ఉబ్బు పెరిగేది ముఖ్యంగా కలయికలతో కాబట్టి ఇది అనుకరణల కథకు సరిపోతుంది.

అయితే ఈ మొగ్గు ఎంత చిన్నదో అంకెల్లో చూడకపోతే తప్పు ఊహ ఏర్పడుతుంది. ఇరుసుకూ పోగుకూ మధ్య కోణం కొసైను తీసుకుంటారు. పూర్తిగా వెంబడి ఉంటే 1, అడ్డంగా ఉంటే 0. ఏ మొగ్గూ లేకపోతే సగటు 0.5. (అప్పుడు సగటు కోణం 45 డిగ్రీలు ఉండాలని కాగితం మీద గీసుకున్నప్పుడు అనిపిస్తుంది. మూడు కొలతల్లో అది 57 డిగ్రీలు. ఇది పట్టించుకోకుండా పోల్చితే లేని అడ్డపు మొగ్గు కనబడుతుంది.) నిజమైన గెలాక్సీల్లో వచ్చే సగటు 0.51 లాంటి అంకె. మొగ్గు లేనప్పుడు విలువల చెదురు 0.29 ఉంటుంది. 0.01 తేడాను మూడు సిగ్మాల నమ్మకంతో (యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం వెయ్యిలో మూడు వంతులకు మించకుండా) పట్టాలంటే 0.29ను మూడుతో గుణించి 0.01తో భాగించి వర్గం చేయాలి. దాదాపు 7,500 గెలాక్సీలు కావాలి. వందల గెలాక్సీలతో చేసిన పరిశోధనలు ఒకదాన్నొకటి ఖండించుకోవడానికి చాలావరకు కారణం ఇదే.

దీనికి తోడు కొలత ఇబ్బందులు. చిత్రంలో కోడిగుడ్డులా కనబడే పళ్లెం ఏ అంచు మనకు దగ్గరో తరచుగా తెలియదు, కాబట్టి ఇరుసుకు రెండు సాధ్యమైన దిశలు వస్తాయి. గుచ్ఛాల్లో గెలాక్సీలు గజిబిజిగా కదలడం వల్ల రెడ్‌షిఫ్ట్ పటంలో అవి మన చూపు వెంట సాగదీసినట్టు కనబడతాయి, ఆ బూటకపు సాగుడును పోగుగా పొరబడవచ్చు. పోగు అంటే ఇదీ అని అందరూ ఒప్పుకున్న నిర్వచనం కూడా లేదు. వేర్వేరు గణన పద్ధతులు ఒకే పటంలో కొంత వేర్వేరు పోగులు గీస్తాయి.

పోగులే తిరుగుతున్నాయా

2021లో పెంగ్ వాంగ్, లిబెస్కిండ్, మరికొందరు స్లోన్ సర్వేలోని వేల పోగులను ఒకదానిమీద ఒకటి పేర్చి, పోగుకు ఒక పక్కనున్న గెలాక్సీల రెడ్‌షిఫ్ట్ మరో పక్కవాటికంటే ఎక్కువ ఉందేమో చూశారు. ఉంది. వేగం సెకనుకు 100 కిలోమీటర్లకు దగ్గరగా వచ్చింది. వారు తమ వ్యాసం శీర్షికలోనే దీన్ని సాధ్యమైన ఆధారం అని మాత్రమే అన్నారు. ఆ జాగ్రత్త సరైనది. పక్కల నుంచి లోపలికి పడే పదార్థం కూడా కొన్ని కోణాల్లో చూస్తే ఇలాంటి తేడానే చూపిస్తుంది. పోగు మన చూపుకు అడ్డంగా ఉన్నప్పుడే తిరుగుడు బాగా కనబడుతుంది, మన వైపు చూస్తున్న పోగులో ఏమీ తెలియదు.

2025 డిసెంబరు ఫలితం ఒకే పోగుకు సంబంధించింది. మీర్‌కాట్‌లో 64 డిష్‌లున్నాయి. అవి పట్టిన హైడ్రోజన్ సంకేతంలో 14 గెలాక్సీలు 55 లక్షల కాంతి సంవత్సరాల పొడవు, సుమారు 1.17 లక్షల కాంతి సంవత్సరాల వెడల్పు ఉన్న సన్నని వరుసలో దొరికాయి. రెడ్‌షిఫ్ట్ 0.032, అంటే సుమారు 45 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. ఆ వరుస 280కి పైగా గెలాక్సీలున్న పెద్ద పోగులో భాగం. పోగు వెన్నుకు అటూ ఇటూ ఉన్న గెలాక్సీలు ఎదురు దిశల్లో కదులుతున్నాయి, సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల తిరుగుడుతో నమూనా సరిపోతోంది. విడి గెలాక్సీల ఇరుసులు కూడా అనుకరణలు ఊహించినదానికంటే ఎక్కువగా పోగు వెంబడి వాలి ఉన్నాయి. ఈ రెండూ ఒకే చోట కనబడటమే ఈ ఫలితంలోని విలువ. గెలాక్సీ తన తిరుగుడును పోగు నుంచి తెచ్చుకుంటుందన్న మాటకు ఇంత నేరుగా ఉన్న ఉదాహరణలు అరుదు. 14 గెలాక్సీలు 14 గెలాక్సీలే అన్నదీ మరవకూడదు. పైన లెక్కించిన 7,500 పక్కన పెట్టి చూస్తే, ఇది సగటును నిరూపించే ఫలితం కాదు, చాలా చక్కని ఒక్క నమూనా.

తిరుగుతోంది అనగానే చుట్లు చుట్లుగా తిరిగే పోగును ఊహించుకుంటాం. వెన్ను నుంచి ఒక మెగాపార్సెక్ దూరంలో, సెకనుకు 100 కిలోమీటర్ల వేగంతో, విశ్వం వయసంతా అంటే 1,380 కోట్ల సంవత్సరాలు కదిలినా ఒక గెలాక్సీ దాదాపు 1.4 మెగాపార్సెక్కులు పోతుంది. అక్కడి వృత్తం చుట్టుకొలత 6.3 మెగాపార్సెక్కులు. పావు చుట్టు కూడా పూర్తి కాదు. పోగు విషయంలో తిరుగుడు అంటే కదలిక ఎటు మొగ్గి ఉందన్నదే, పూర్తిచేసిన ప్రదక్షిణల లెక్క కాదు.

సవ్యం, అపసవ్యం: వివాదం ఉన్నది ఇక్కడ

విశ్వానికి ప్రత్యేకమైన దిశ లేకపోతే, ఆకాశంలో సవ్యంగా తిరిగేవీ అపసవ్యంగా తిరిగేవీ సుమారు సమానంగా ఉండాలి. 2025 మార్చి వార్తకు మూలమైన లియోర్ షమీర్ వ్యాసంలో 263 గెలాక్సీలున్నాయి. 158 సవ్యం, 105 అపసవ్యం. బొమ్మాబొరుసూ లెక్కన 131 లేదా 132 రావాలి, చెదురు 8.1. తేడా 26.5 అంటే 3.3 సిగ్మాలు. కాగితం మీద ఇది వెయ్యిలో ఒకటి స్థాయి యాదృచ్ఛికం.

మరి ఎందుకు ఒప్పుకోరు? ఒకటి, దిశను నిర్ణయించే పని కష్టం. సర్పిలం చేతులు వెనక్కి వాలుతూ తిరుగుతాయన్న ఊహతో దిశ చెబుతారు. ఎక్కువ గెలాక్సీల్లో అది నిజమే గానీ మినహాయింపులున్నాయి, ఎన్‌జీసీ 4622 లాంటివి. రెండు, గతంలో ఇలాంటి అసమానత కనబడి, తరువాత మనిషి చూపులో దోషంగా తేలిన ఉదంతం ఉంది. గెలాక్సీ జూ ప్రాజెక్టులో వేలాది వాలంటీర్లు వర్గీకరించినప్పుడు అపసవ్యం ఎక్కువ వచ్చింది. అవే చిత్రాలను అద్దంలో తిప్పినట్టు మార్చి చూపిస్తే దిశ మారాలి కదా, కానీ మళ్లీ అపసవ్యమే ఎక్కువ వచ్చింది. 2008లో ఆ బృందమే దీన్ని ప్రచురించింది. షమీర్ కంప్యూటర్ పద్ధతి వాడతాడు కాబట్టి ఈ దోషం తనకు వర్తించదని ఆయన వాదన. మూడు, ఇదివరకటి ఇలాంటి పట్టికలను 2024లో పటేల్, డెస్మండ్ మళ్లీ విశ్లేషించి, ఒక దిశ వైపు మొగ్గుకు ఆధారం లేదన్నారు. నాలుగు, విశ్వమంతా తిరుగుతుంటే మైక్రోవేవ్ కాంతిలో దాని గుర్తు ఉండాలి. ప్లాంక్ ఉపగ్రహం సమాచారంతో 2016లో చేసిన లెక్క, విశ్వం (తిరుగుడుతో సహా) దిశను బట్టి వేర్వేరుగా వ్యాకోచిస్తోందన్న మాటకు వ్యతిరేకంగా 1,21,000కు 1 చొప్పున మొగ్గింది.

షమీర్ తన వ్యాసంలో రెండో వివరణ కూడా ఇచ్చాడు: పాలపుంత సొంత తిరుగుడు వల్ల ఎదురు దిశలో తిరిగే గెలాక్సీలు కాస్త ఎక్కువ వెలుగుతో కనబడి, ఎక్కువగా ఎంపికై ఉండవచ్చు. బ్లాక్ హోల్ శీర్షికల జోరులో ఇది మరుగున పడింది. నా దృష్టిలో ఆ 263 గెలాక్సీల మీద పెద్ద భవనం కట్టడానికి ఇది సమయం కాదు. ఎక్కువ చిత్రాలు, అద్దం పరీక్ష, వేర్వేరు బృందాల వర్గీకరణ కావాలి.

దిశకూ పెద్ద నిర్మాణానికీ సంబంధమే లేదని కాదు. స్లోన్ పటం నుంచి తొలి విశ్వపు పదార్థ విస్తరణను వెనక్కి లెక్కగట్టి, ఒక్కో గెలాక్సీ ఎటు తిరగాలో అంచనా వేసి, నిజమైన దిశతో పోల్చిన పరిశోధన 2021లో వచ్చింది. సుమారు మూడు సిగ్మాల స్థాయిలో సరిపోలింది. విశ్వానికంతటికీ ఒకే దిశ ఉండటం ఒక మాట, ఒక్కో చోట పొరుగు పదార్థం దిశను నిర్ణయించడం మరో మాట. రెండోది టార్క్ సిద్ధాంతం మొదటి నుంచీ చెబుతున్నదే.

ఇరుసుల మొగ్గు ఇప్పుడెందుకు ముఖ్యం

2023లో ప్రయోగించిన యూక్లిడ్ ఉపగ్రహం, చిలీలోని వెరా రూబిన్ అబ్జర్వేటరీ కోట్ల గెలాక్సీల ఆకారాలు కొలవడానికి సిద్ధమయ్యాయి. మధ్యలో ఉన్న విశ్వజాలం వెనకటి గెలాక్సీల కాంతిని కొద్దిగా వంచి, వాటి ఆకారాలను సుమారు ఒక శాతం సాగదీస్తుంది. గెలాక్సీల సొంత కోలతనం దానికి ముప్పై రెట్ల స్థాయిలో ఉంటుంది. గెలాక్సీల వాలు పూర్తిగా యాదృచ్ఛికమైతే సగటులో సొంత కోలతనం కొట్టుకుపోయి ఆ ఒక్క శాతం మిగులుతుంది. కృష్ణ పదార్థం పటం, కృష్ణ శక్తి (విశ్వ వ్యాకోచాన్ని వేగవంతం చేస్తోందని భావిస్తున్నది) లెక్క, అన్నీ ఈ ఊహ మీదే నిలబడతాయి.

పైన చూసినట్టు వాలు పూర్తిగా యాదృచ్ఛికం కాదు. ఒకే పోగులోని గెలాక్సీలు కాస్త ఒకే వైపు మొగ్గితే, ఆ మొగ్గు కాంతి వంపులా నటిస్తుంది. పెద్ద ఎర్ర దీర్ఘవృత్త గెలాక్సీల్లో ఈ నకిలీ సంకేతం స్పష్టంగా కొలిచారు. తిరుగుడుతో వాలు నిర్ణయమయ్యే నీలి సర్పిలాల్లో మాత్రం ఇంతవరకు చేసిన కొలతలు సున్నాకు సరిపోతున్నాయి. ఆ సున్నా నిజంగా సున్నాయా, లేక ఇప్పటి కొలతలకు అందనంత చిన్న అంకెనా అన్నది తేలకుండా కృష్ణ శక్తి గురించి ఒక శాతం కచ్చితత్వంతో మాట్లాడలేం. అందుకే ఈ సర్వేల బృందాలు ఇరుసుల మొగ్గుకు విడి పరామితులు పెట్టుకుని, కాంతి వంపుతోపాటే దాన్నీ అదే సమాచారం నుంచి లెక్క కడుతున్నాయి.